కోత యంత్రం నూనె వేడి, మడిలో నీటి తడి

వరికోత యంత్రం మడి నడుమ ఆగిపోయినప్పుడు కారణాన్ని యంత్రంలోనే వెదకడం పరిపాటి. నూనె కాగిపోయిందంటారు, కూలరు మూసుకుపోయిందంటారు, డ్రైవరు చూసుకోలేదంటారు. వీటిలో నిజం లేకపోలేదు. అయితే ఆ వేడిలో పెద్ద పాలు కోతకు పది రోజుల ముందే, మడిలోని నీరు తీసే నాడే నిర్ణయమవుతుంది. కనుక దీనిని ఇంజనీర్లకు, మెకానిక్కులకు వదిలివేయడం సేద్య శాస్త్రజ్ఞులకు తగదని నా అభిప్రాయం.

మాగాణిలో తిరిగే చైన్ యంత్రాలలో చాలావాటికి హైడ్రోస్టాటిక్ ట్రాన్స్‌మిషన్ ఉంటుంది. మాటిమాటికీ క్లచ్ తొక్కి గేరు మార్చే పని లేదు. లివరు ముందుకు నెట్టిన కొద్దీ వేగం పెరుగుతుంది. ఇంజను పంపును తిప్పితే, పంపు నూనెను ఒత్తిడితో మోటారుకు పంపుతుంది, మోటారు చైన్లను నడుపుతుంది. ఇక్కడ నూనె కందెన మాత్రమే కాదు. బలాన్ని మోసేదీ, వేడిని బయటికి చేరవేసేదీ అదే. 46 గ్రేడు నూనె చిక్కదనం 40 డిగ్రీల సెల్సియస్ వద్ద 46 సెంటీస్టోకులు. 100 డిగ్రీలకు చేరేసరికి అది ఇంచుమించు ఏడో వంతుకు పడిపోతుంది. పలచబడిన నూనె పంపు లోపలి సందులలోనుంచి జారిపోతుంది. అలా జారిన నూనె పని చేయదు, వేడిని మాత్రం పుట్టిస్తుంది. యంత్రం మందగిస్తుంది; డ్రైవరు లివరును ఇంకా నెడతాడు; వేడి మరింత పెరుగుతుంది. 80 డిగ్రీలు దాటిన నూనెలో రబ్బరు సీళ్లు ఎక్కువ కాలం మన్నవు. ఆపైన పెరిగే ప్రతి 10 డిగ్రీలకు నూనె చెడే వేగం సుమారు రెట్టింపవుతుంది.

బురదలో చైన్లు దిగబడినప్పుడు నూనెపై ఒత్తిడి పెరుగుతుంది. చైను బొత్తిగా కదలకపోతే నూనె రిలీఫ్ వాల్వు గుండా వెనక్కి మళ్లుతుంది. అప్పుడు ట్రాన్స్‌మిషన్‌కు అందిన శక్తి యావత్తూ వేడిగానే మారుతుంది. ఎంత మంచి కూలరైనా ఆ వేడిని ఎంతోసేపు తట్టుకోలేదు.

బయ్యారం పెద్ద చెరువు కాకతీయుల నాటిది. గణపతిదేవుని సోదరి మైలాంబ శాసనం వల్ల చరిత్రకారులకు సుపరిచితం. ఇటువంటి చెరువుల కింద మడులు మెట్లు మెట్లుగా దిగుతాయి. ఎగువన ఆలస్యంగా నాటిన రైతుకు ఇంకా నీరు కావాలి. దిగువన పంట కోతకు వచ్చి ఉంటుంది. ఎగువ మడుల ఊట దిగువకు దిగుతూనే ఉంటుంది కాబట్టి, దిగువ రైతు గట్టు తెంచి నీరు వదిలినా ఆరేది పైపొర మాత్రమే. కోతకు వారం, పది రోజుల ముందు నీరు తీయాలని మనం చేసే సిఫారసు ఒక్కొక్క రైతును ఉద్దేశించినది. తూము మాత్రం ఊరందరిది. 120 రోజుల రకం పక్కనే 135 రోజుల రకం నాటిన ఆయకట్టులో ఆ సిఫారసు కాగితం మీదనే ఉంటుంది. ఒక తూము కింద దగ్గర దగ్గర కాలపరిమితి గల రకాలు, తూము కట్టే తేదీ నాట్ల నాడే అనుకోవడం: మన సలహా ఇక్కడ మొదలు కావాలి. అధిక యూరియాతో పడిపోయిన పంటదీ ఇదే కథ. పడిన వరి కింద నేల ఆరదు, యంత్రం ముందుకూ వెనక్కూ పదే పదే తిరగవలసి వస్తుంది.

యాసంగిలో గాలే వేడిగా ఉంటుంది. నూనెకూ గాలికీ గల తేడాయే కూలరు బలం. 28 డిగ్రీల నవంబరు గాలిలో, 80 డిగ్రీల నూనెకు ఆ తేడా 52. ఏప్రిల్‌లో 42 డిగ్రీల ఎండలో అది 38. అంటే చల్లార్చే శక్తి నాలుగో వంతుకు మించి తగ్గినట్టే. దానిపై పొట్టు, గడ్డి దుమ్ము కూలరు రెక్కలకు పట్టుకుంటే గాలి ఆడదు. తడి మిగిలిన మడులను మిట్టమధ్యాహ్నం కాక సాయంత్రం కోయడం మేలు. తెల్లవారుజామున చల్లగానే ఉన్నా మంచుతో తడిసిన కంకి సరిగా నూరదు.

గంట బాడుగ వల్ల ఇంకొక చిక్కు ఉంది. కూలరు దులపడానికి యంత్రం ఆపితే రైతు గడియారం చూస్తాడు. ఆ చూపుకు వెరచి డ్రైవరు ఆపడు. ఎకరం లెక్కన బాడుగ పెడితే సరిపోతుందని కొందరంటారు. నేను ఒప్పుకోను. అప్పుడు బురద నష్టమంతా యజమానిదవుతుంది, అతడు తడి మడికి రానే రాడు. అకాల వర్షం ముంచుకొచ్చే వేళ కష్టపడేది చిన్న రైతే. గంట బాడుగనే ఉంచి, దులిపే సమయాన్ని లెక్కలోంచి తీసివేయాలని ముందే మాట్లాడుకోవడం మంచిది.

మన క్షేత్ర ప్రయోగాలలో దిగుబడి, గింజ తేమ నమోదు చేస్తాము. కోతనాడు నేల ఎంత దిగబడిందో, యంత్రం నూనె ఎంత కాగిందో కూడా ఆ పట్టికలో రెండు గడులుగా చేరాలి. అంతవరకు రైతుకు మడమే కొలమానం: మడి నడుమ నిలబడితే మడమ గుంటలో నీరూరుతున్నంత కాలం యంత్రాన్ని పిలవకూడదు.

కోస్తుండగా హెచ్చరిక దీపం వెలిగితే లివరును న్యూట్రల్‌కు తెచ్చి, నూర్పిడి ఆపి, ఫ్యాను తిరిగేలా ఇంజనును నడవనివ్వాలి. చల్లారాక ఇంజను ఆపి, దుమ్మును లోపలి వైపు నుంచి బయటికి గాలితో ఊదాలి. వేడి కూలరు మీద బిందెతో నీళ్లు గుమ్మరించే అలవాటు మానుకోవాలి. దుమ్ము తడిసి రెక్కల మధ్య మట్టిలా గట్టిపడుతుంది.