పడవ అడుగుకు పీచే మందు

గోదావరి డెల్టా కాలువలలో రంగు వేయని కొయ్య పడవ నెలల తరబడి నీటనే ఉన్నచో అడుగున పాచి పట్టును. నడక మందగించును, గడ వేయువారికి శ్రమ హెచ్చును.

పాచి పోవుటకు మైలుతుత్తము గాని, వాడిన ఇంజను నూనె గాని పూయుట తగదని నా అభిప్రాయము. అవి చేపలకు విషము. మన మంచినీటి చెరువులు నింపుకొనునది కూడ ఈ కాలువల నీటితోనే గదా!

వారమునకొకసారి కొబ్బరి పీచుతో రుద్దుడు. లేత పాచి సులభముగా ఊడును. ఇనుప తీగల బ్రష్షు వాడకుడు. కొయ్య గరుకైనచో పాచికి పట్టు చిక్కును. ఉప్పునీటి పాయలలో తిరిగి గుల్లలు అంటిన పడవను కొన్ని వారములు మంచినీటి కాలువలో నుంచినచో అవి చచ్చును. పిమ్మట చెక్కపలకతో గీకుడు.

వేసవిలో కాలువలు కట్టివేసినపుడు పడవను గట్టుకెక్కించి అడుగు పరీక్షింపుడు. కాలువలో విషము కలియకుండ గ్రామాధికారులును శ్రద్ధ వహింపవలెను.