ఒకే నేరం, రెండు తీర్పులు

1640వ సంవత్సరంలో వర్జీనియా వలస రాజ్యంలో ముగ్గురు సేవకులు యజమాని వద్ద నుండి పారిపోయి, పొరుగున ఉన్న మేరీలాండ్‌లో పట్టుబడ్డారు. ఒకడు డచ్చివాడు. రెండవవాడు స్కాట్లండు దేశస్థుడు. మూడవవాడు జాన్ పంచ్ అనే నీగ్రో అని న్యాయస్థానపు దస్తావేజు చెబుతున్నది. ముగ్గురికీ తలా 30 కొరడా దెబ్బలు విధించారు. అక్కడి నుండి తీర్పు రెండుగా చీలింది. మొదటి ఇద్దరూ యజమాని వద్ద మరొక ఏడాది, ఆ తరువాత ప్రభుత్వానికి మూడేళ్లు ఊడిగం చేయాలి. జాన్ పంచ్ మాత్రం బ్రతికి ఉన్నంత కాలం ఊడిగం చేయాలి.

ఆ తీర్పు కొద్ది పంక్తులకు మించదు. అయినా అమెరికా ఉన్నత పాఠశాలలలో చరిత్రను పైస్థాయిలో అభ్యసించే పదహారు, పదిహేడేళ్ల బాలబాలికలకు ఆ కొద్ది పంక్తులే ఒక పూట పాఠం కాగలవు. 'అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్' అని పిలిచే ఈ విధానాన్ని కాలేజ్ బోర్డు అనే సంస్థ 1955 నుండి నడుపుతున్నది. విద్యార్థి పాఠశాలలో ఉండగానే కళాశాల స్థాయి పాఠం చదువుతాడు. ప్రతి మే నెలలో పరీక్ష జరుగుతుంది. 1 నుండి 5 వరకు అంకెలతో ఫలితం ఇస్తారు. మంచి అంకె వచ్చినవారికి అనేక కళాశాలలు ఆ పాఠాన్ని మళ్లీ చదవనవసరం లేకుండా మినహాయింపు ఇస్తాయి. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు కూడా ఈ తరగతులలో కూర్చుంటున్నారు.

ఈ చరిత్ర పాఠ్యప్రణాళిక 1491తో ప్రారంభమవుతుంది. కొలంబస్ ఓడ ఇంకా తీరం చేరని సంవత్సరమది. ఆ నేలపై అప్పటికే ఎవరు జీవిస్తున్నారో తెలుసుకున్న తరువాతనే విద్యార్థి 1607 నాటి జేమ్స్‌టౌన్‌కు చేరుతాడు. ఆపైన అతడు ఎదుర్కొనే ప్రశ్నలు తేదీలను వల్లె వేసినంత మాత్రాన లొంగేవి కావు. 1973 నుండి ఈ పరీక్షలో ఒక ప్రత్యేకమైన ప్రశ్న ఉంటున్నది. ఆ కాలపు పత్రాలను కొన్నింటిని చేతికిచ్చి, వాటిని సాక్ష్యంగా చేసుకొని వాదన నిర్మించమంటారు. 1993లో అడిగిన ప్రశ్న వలస రాజ్యాల గురించినదే. న్యూ ఇంగ్లండులోనూ, చెసపీక్ అఖాత ప్రాంతంలోనూ స్థిరపడినవారు అధికంగా ఇంగ్లీషువారే. అయినా 1700 నాటికి అవి రెండు వేరు వేరు సమాజాలుగా ఎందుకు మారాయి?

సమాధానానికి సామగ్రి కొరత లేదు. న్యూ ఇంగ్లండుకు మతవిశ్వాసం కొద్దీ కుటుంబాలతో సహా తరలివచ్చినవారు ఎక్కువ. 1647లోనే మసాచుసెట్స్ శాసనం 50 కుటుంబాలున్న ప్రతి ఊరూ ఒక ఉపాధ్యాయుని నియమించాలని ఆజ్ఞాపించింది. చెసపీక్‌కు వచ్చినవారిలో అధికులు ఒంటరి యువకులు. ఓడ ప్రయాణపు ఖర్చుకు బదులుగా కొన్నేళ్లు సేవ చేస్తామని ఒప్పందం వ్రాసి ఇచ్చినవారు. అక్కడ 1612 ప్రాంతంలో జాన్ రాల్ఫ్ సాగుచేసి చూపిన పొగాకు బంగారమైంది. పొగాకుకు నేల కావాలి, అంతకంటె ఎక్కువగా చేతులు కావాలి. ఆ చేతులు ఎవరివి, ఎన్నాళ్లకు, ఏ షరతుపై అన్నదే వర్జీనియా చరిత్రలో అసలు ప్రశ్న.

1619 ఆగస్టు చివర ఒక ఓడ పాయింట్ కంఫర్ట్ అనే రేవుకు ఇరవైమందికి పైగా ఆఫ్రికన్లను తెచ్చింది. వారిని ఆహార పదార్థాలకు మార్పిడిగా కొన్నారని అదే రాల్ఫ్ ఒక ఉత్తరంలో ముక్తసరిగా వ్రాశాడు. అంతకు నెల రోజుల ముందే, జులై 30న, జేమ్స్‌టౌన్‌లో ప్రజా ప్రతినిధుల సభ మొదటిసారి సమావేశమైంది. స్వపరిపాలన, మనుషుల క్రయవిక్రయం ఒకే వేసవిలో, ఒకే నదీతీరంలో పాదం మోపాయి.

ఇదే సంవత్సరం తెలుగు నేలకూ ఒక చిన్న ముడి వేసింది. 1611 నుండి 1616 వరకు వర్జీనియాలో ఉండి, కఠోర సైనిక శాసనాలతో ఆ వలసను అదుపులో పెట్టిన సర్ థామస్ డేల్, ఆ తరువాత ఈస్టిండియా కంపెనీ నౌకాదళానికి నాయకుడై తూర్పుకు వచ్చాడు. 1619 ఆగస్టు 9న మచిలీపట్నంలో కన్నుమూశాడు. లండన్‌లో వర్జీనియా కంపెనీకీ, ఈస్టిండియా కంపెనీకీ కొన్నేళ్లపాటు పెద్దగా వ్యవహరించిన వర్తకుడు ఒక్కడే: సర్ థామస్ స్మైత్. అమెరికా వలస చరిత్ర తెలుగువారికి బొత్తిగా పరాయి కథ కాదు.

తిరిగి జాన్ పంచ్ తీర్పుకు వస్తే, అది బానిసత్వానికి మొదలా, లేక అప్పటికే ఉన్న ఆచారానికి ముద్రా అని విద్యార్థి యోచించవలసి ఉంటుంది. త్రోవ అప్పటికే ఖాయమైపోయిందని చెప్పడానికి వీలులేదు. 1621లో వర్జీనియా చేరిన ఆంథొనీ జాన్సన్ అనే ఆఫ్రికన్ స్వేచ్ఛ పొంది, 1651 నాటికి 250 ఎకరాల భూమికి హక్కుదారుడయ్యాడు. కానీ తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి. తల్లి బానిస అయితే బిడ్డ కూడా బానిసే అని 1662లో శాసనం చేశారు. క్రైస్తవ మతం పుచ్చుకున్నా విముక్తి లేదని 1667లో మరొకటి. 1676లో నెథానియల్ బేకన్ నాయకత్వాన తిరుగుబాటు చెలరేగి జేమ్స్‌టౌన్ తగులబడింది. ఆ తిరుగుబాటులో తెల్ల సేవకులు, నల్లవారు పక్కపక్కన నిలిచారు. 1705లో బానిస శాసనాలన్నీ ఒక్కచోట కూర్చారు.

ఎందుకు ఇలా జరిగిందన్న విషయంలో పండితులు ఏకీభవించలేదు. ముందు బానిసత్వం వచ్చి, జాతి ద్వేషం దాని వెంట వచ్చిందని 1950లో హ్యాండ్లిన్ దంపతులు వాదించారు. రెండూ ఒకదానినొకటి పెంచుకున్నాయని 1968లో విన్‌త్రప్ జోర్డాన్ అన్నాడు. తెల్లవారి స్వేచ్ఛకు నల్లవారి దాస్యమే పునాది అయిందని 1975లో ఎడ్మండ్ మోర్గాన్ చూపాడు. ఎవరి పక్షం వహించినా సరే, సాక్ష్యం చూపి నిలబడగలిగితే విద్యార్థికి మార్కులు దక్కుతాయి.

ఇటువంటి చదువు అందరికీ రుచించలేదు. 2014లో కొత్త పాఠ్యప్రణాళిక వచ్చినప్పుడు అది దేశపు తప్పులనే ఎత్తి చూపుతున్నదని తీవ్రమైన విమర్శ చెలరేగింది. కొలరాడోలోని జెఫర్సన్ కౌంటీలో, పాఠాన్ని మరింత దేశభక్తియుతంగా మలచాలన్న ఆలోచనకు నిరసనగా విద్యార్థులే తరగతులు విడిచి వీధిలోకి వచ్చారు. 2015లో ప్రణాళికను సవరించారు. నాలుగు శతాబ్దాల నాటి సంగతులు నేటికీ చల్లారలేదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

జాన్ పంచ్ మాట ఆ దస్తావేజులో ఎక్కడా లేదు. వ్రాసినది న్యాయస్థానపు కలం. అతడెందుకు పారిపోయాడో, తీర్పు విని ఏమన్నాడో ఎవరూ వ్రాసి పెట్టలేదు. ఉన్న మాటను చదవడంతోపాటు లేని మాట ఎవరిదో గుర్తించడం ఈ తరగతి నేర్పే ముఖ్యమైన విద్య. దీనితోపాటు మరొక సంగతి కూడా విద్యార్థికి తెలిసివస్తుంది. ఆ మహా అన్యాయం విధి వ్రాతగా ఊడిపడలేదు. ఒక తీర్పు, ఒక శాసనం, మరొక శాసనం – ప్రతి మెట్టు దగ్గరా ఎవరో కొందరు కూర్చొని నిర్ణయించారు. మనుషులు నిర్ణయించినదానిని మనుషులు మరొక విధంగా కూడా నిర్ణయించి ఉండవచ్చు. ఈ మాట గ్రహించిన పదహారేళ్ల పిల్లవాడు రేపు తన కాలపు కాగితాలను కూడా శ్రద్ధగా చదువుతాడు.