పద్దెనిమిది నిండగానే చేతులు దులుపుకుంటే ఎలా?

సంపాదకులకు,

బాలసదనాల నుంచి బయటికొచ్చే యువతకు నెలనెలా డబ్బిస్తే సోమరులవుతారని గత సంచికలోని వ్యాసం వాదించింది. ఇది అన్యాయం. అమ్మానాన్నలున్న ఇళ్లలో డిగ్రీ పిల్లల ఫీజు, బస్‌పాస్, సెల్ రీచార్జి పెద్దవాళ్లే కడతారు. వాళ్లనెవరూ సోమరులనరు.

సదనం విడిచిన అమ్మాయికి ముందు తలదాచుకునే చోటు కావాలి. హాస్టల్‌కు అడ్వాన్సు, మొదటి నెల అద్దె ఒకేసారి కట్టాలి. పరుపు, బకెట్, కంచం, గ్లాసు కొనుక్కోవాలి. పని దొరికినా జీతం నెల తిరిగాకే. ఆధార్‌లో సదనం చిరునామాయే ఉంటే అదీ మార్పించుకోవాలి. ఈలోగా జ్వరమొస్తే?

2015 బాలన్యాయ చట్టం 46వ సెక్షన్ ఇలాంటివారికి ఆర్థిక సాయం చేయవచ్చని చెబుతోంది, అంతే. 2022 నాటి మిషన్ వాత్సల్య మార్గదర్శకాల్లో ఆ సాయం నెలకు 4,000 రూపాయలు, సాధారణంగా 21 ఏళ్ల వరకే. హైదరాబాద్‌లో అది హాస్టల్ ఖర్చుకే చాలడం కష్టం.

హిమాచల్ ప్రదేశ్ 2023లో ఏకంగా చట్టమే చేసి, అనాథలను రాష్ట్ర బిడ్డలుగా గుర్తించి 27 ఏళ్ల దాకా అండగా నిలిచింది.

తెలుగు రాష్ట్రాలు రెండూ ఆ బాట పట్టాలి. దరఖాస్తు ఆరు నెలల ముందే సదనంలోనే పూర్తిచేయించాలి. మొదటి వాయిదా ఆ బిడ్డ బయటికొచ్చే రోజుకే ఖాతాలో పడాలి.

– ఒక పాఠకురాలు, వరంగల్