పట్టాలు మారినప్పుడు



గుంటూరు నుండి నంద్యాల వైపు రైలులో వెళ్లినవారికి దొనకొండ స్టేషను తెలిసే ఉంటుంది. వినుకొండ, కురిచేడు దాటిన తరువాత, మార్కాపురం రోడ్డు రాకముందు వస్తుంది. నేటి ప్రయాణికునికి అది కిటికీలోనుండి కనబడే అనేక స్టేషన్లలో ఒకటి. అయితే ఆ ప్రాంతపు పెద్దలను అడిగి చూడండి. వారి నోట ముందుగా వచ్చే మాట "లోకో షెడ్డు".

1880వ దశకంలో సదరన్ మరాఠా రైల్వే కంపెనీ ఈ దారిని మీటరు గేజిలో వేయ నారంభించింది. అంటే రెండు పట్టాల మధ్య దూరం సరిగా ఒక మీటరు. ఆవిరి యింజనుకు దారిపొడవునా నీళ్లు కావాలి, బొగ్గు కావాలి, బూడిద తీసేవారు కావాలి, బాయిలరు కడిగేవారు కావాలి. ఈ పనులన్నిటికీ దొనకొండ షెడ్డు కేంద్రమైంది. దాని చుట్టూ రైల్వే క్వార్టర్లు వెలిశాయి. డ్రైవర్లు, ఫైర్‌మన్లు, ఫిట్టర్లు, కలాసీలు తమ కుటుంబాలతో కాపురమున్నారు. ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు కూడా ఉండేవి. షెడ్డు పని చూపితే, ఆ పనిమీద బజారు బ్రతికింది.

ఈ చిన్న పట్టాలతో ఒక చిక్కు ఉండేది. దేశంలోని ప్రధాన మార్గాలు బ్రాడ్ గేజి. అక్కడ పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు. ఆ తేడా 676 మిల్లీమీటర్లే అయినా, ఒక దారి బండి రెండవ దారిలో అడుగు పెట్టలేదు. గేజి మారేచోట ప్రయాణికులు పిల్లాజెల్లాతో దిగి మరో బండి ఎక్కాలి. సరుకును ఒక వ్యాగనులోనుండి దించి మరొక వ్యాగనులోకి ఎక్కించాలి. మార్కాపురం పలకలవంటి సరుకును అలా దించి ఎక్కించడమంటే ఎంత కష్టమో చెప్పనక్కరలేదు.

1992లో దేశమంతటా ఒకే గేజి ఉండాలని రైల్వేశాఖ పథకం చేపట్టింది. ఆ దశకంలోనే మన దారి కూడా మారింది. మీటరు గేజి పట్టాలు, దూలాలు ఊడదీశారు. కట్టను వెడల్పు చేసి, వంతెనలను బలపరచి, పొడవైన కొత్త దూలాలమీద బ్రాడ్ గేజి పట్టాలు పరిచారు. ఇందువలన మేలు జరిగిందనుటలో సందేహం లేదు. పెద్ద ఆసుపత్రికి రోగిని తీసుకొని వెళ్లేవారు, చదువుకు వెళ్లే పిల్లలు నడిమధ్యలో దిగకుండా దూరప్రయాణం చేయగలుగుతున్నారు.

అయితే ఆవిరి యింజన్లు పోయి, గేజి మారిన తరువాత దొనకొండ షెడ్డుకు పని లేకపోయింది. ఉద్యోగులు బదిలీ అయ్యారు. క్వార్టర్లు ఖాళీ అయి, కప్పులు కూలి, గోడలమీద చెట్లు మొలిచాయి. రైల్వే ఉద్యోగులకు బదిలీ అయిన చోట జీతమైనా ఉంది. వారికి పాలు పోసినవారికి, బట్టలు ఉతికినవారికి, టీ కాచి అమ్మినవారికి ఏ బదిలీ ఉత్తర్వు వచ్చింది?

ఇది దొనకొండకే చెందిన సంగతి కాదు. కెనడా రాజధాని ఒట్టావా నగరంలో బస్సుల కొరకే ప్రత్యేకంగా వేసిన రోడ్డు, దానిమీద స్టేషన్లు 1983 నుండి ఉండేవి. వాటిలో కొన్నిటిని లైట్ రైలు స్టేషన్లుగా మార్చి, 2019 సెప్టెంబరు 14న రైళ్లు నడిపారు. పని జరిగిన కాలంలో బస్సులు వీధుల వెంట చుట్టు తిరిగి వెళ్లవలసి వచ్చింది. ఏ దేశమైనా, మార్పులోని మేలు అందరికీ కొంచెం కొంచెంగా పంచబడుతుంది. నష్టము మాత్రం కొద్దిమంది ఇండ్లమీద మొత్తంగా పడుతుంది.

ఎజ్రా గ్రంథము మూడవ అధ్యాయము చదివినప్పుడెల్లా మాకు ఈ సంగతి జ్ఞాపకము వస్తుంది. చెరనుండి తిరిగివచ్చిన ప్రజలు దేవుని మందిరమునకు కొత్త పునాది వేశారు. అనేకులు సంతోషముతో కేకలు వేశారు. మొదటి మందిరమును కన్నులారా చూచిన వృద్ధులు గొప్ప శబ్దముతో ఏడ్చారు. ఏది ఏడ్పో, ఏది సంతోషధ్వనియో ప్రజలు తెలుసుకోలేకపోయారని అక్కడ వ్రాయబడింది. ఆ వృద్ధులను నోరు మూసుకొమ్మని ఎవరూ గద్దించినట్లు ఆ అధ్యాయములో లేదు. ఆ రెండు స్వరములు ఒకటిగానే దూరమునకు వినబడ్డాయి.

మన సంఘాలలో మనము ఇంత ఓపిక చూపుతున్నామా? పాత ప్రార్థనాలయము పడగొట్టి కొత్తది కడుతున్నప్పుడు ఒక అవ్వ కన్నీరు పెడితే, "ఆమెకు అభివృద్ధి ఇష్టము లేదు" అని తేలికగా అంటాము. పాత కీర్తన పాడమని ఒక పెద్దాయన కోరితే నవ్వుకుంటాము. కుమారుడు పట్నంలో ఇల్లు కొని తల్లిదండ్రులను రమ్మంటే, వారు ఊరు విడువలేక తడబడితే విసుగుకొంటాము. వారు కొత్తదానిని ద్వేషించి ఏడ్వడం లేదు. పాతదానిలో దేవుడు తమకు చేసిన మేళ్లను తలచుకొని ఏడుస్తున్నారు.

అలాగని పునాది వేయడం మానమని కాదు. దొనకొండ స్టేషను కూడా అమృత్ భారత్ పథకంలో అభివృద్ధి చేయవలసిన స్టేషన్ల జాబితాలో చేరింది. మార్పు మరల మరల వస్తూనే ఉంటుంది. అది వచ్చినప్పుడు విశ్వాసులు అడుగవలసిన ప్రశ్న ఒకటున్నది: ఈ మార్పువలన ఎవరి జీవనాధారము పోతుంది? వారి గుమ్మము మన సంఘము త్రొక్కిందా?

ఈ నెలలో మీకు దగ్గరలోనున్న విశ్రాంత ఉద్యోగి ఇంటికి, లేదా పని పోయిన ఒక కుటుంబము ఇంటికి వెళ్లండి. సలహాలు చెప్పకండి. కూర్చొని వినండి. వారికి పని చూపగలిగితే చూపండి. కొత్త దారి వేయు దేవుడు పాత దారిలో నిలిచిపోయినవారిని మరువడు. ఆయన బిడ్డలమైన మనము కూడ మరువకుందుము గాక.