బృంద సమన్వయానికి ఆట ఒక సాధనం

కార్యాలయ సమావేశాలలో పై అధికారి మాట్లాడటం, సిబ్బంది వ్రాసుకోవడం పరిపాటి. ఒకే లక్ష్యాన్ని పది మంది పది విధాలుగా అర్థం చేసుకోవడం వల్ల పనులలో జాప్యం, విభాగాల మధ్య అపోహలు ఏర్పడుతున్నాయి. ఈ లోపాన్ని సవరించేందుకు ఆట వస్తువులను వినియోగించే పద్ధతి పలు దేశాలలో ఆచరణలో వున్నది.

నేపథ్యం

డెన్మార్క్‌లోని బిల్లుండ్‌లో 1932లో ప్రారంభమైన లెగో సంస్థ 1990వ దశకంలో కంప్యూటర్ ఆటల నుండి తీవ్ర పోటీని ఎదుర్కొన్నది. తమ వ్యూహరచన సమావేశాలు ఆశించిన ఫలితాన్ని ఇవ్వడం లేదని సంస్థ అధిపతి కెల్ కిర్క్ క్రిస్టియన్‌సన్ భావించారు. స్విట్జర్లాండ్‌లోని ఐ.ఎం.డి. మేనేజ్‌మెంట్ విద్యాసంస్థ ఆచార్యులు యోహాన్ రూస్, బార్ట్ విక్టర్‌ల సహకారంతో 1996 నుండి జరిగిన కృషి ఫలితంగా 'లెగో సీరియస్ ప్లే' రూపుదిద్దుకున్నది. చేతులతో వస్తువును తయారు చేసేటప్పుడు జ్ఞానం బలపడుతుందన్న సీమోర్ పేపర్ట్ సిద్ధాంతం దీనికి ఆధారం. 2010లో ఈ పద్ధతిని అందరూ వినియోగించుకునేందుకు సంస్థ అనుమతించింది.

అమలు విధానం

ఈ పద్ధతిలో నాలుగు దశలు వున్నాయి. నిర్వాహకుడు ఒక ప్రశ్న వేస్తాడు. ప్రతి ఒక్కరూ ఇటుకలతో తమ సమాధానాన్ని నమూనాగా నిర్మిస్తారు. తర్వాత దాని అర్థాన్ని వివరిస్తారు. చివరకు అందరూ కలిసి చర్చిస్తారు. ఉదాహరణకు, ప్రజలకు సేవలు అందడంలో అడ్డంకి ఏదని ప్రశ్నిస్తే ఒకరు గోడను, మరొకరు మధ్యలో తెగిన వంతెనను నిర్మించవచ్చు. ప్రశ్నలు గోడను గురించే గాని, దానిని కట్టిన వ్యక్తిని గురించి కావు. అందువల్ల పై అధికారి ఎదుట నేరుగా చెప్పలేని విషయాన్ని చిన్న ఉద్యోగి సైతం చెప్పగలుగుతాడు. మాటకు ముందే నిర్మాణం పూర్తవుతుంది గనుక, మొదట మాట్లాడిన వారి అభిప్రాయం మిగిలిన వారిని ప్రభావితం చేయదు.

తెలుగు నేలపై అనుభవం

ఈ సూత్రం మనకు కొత్తది కాదు. గ్రామీణ భాగస్వామ్య సమీక్ష పద్ధతికి ప్రాచుర్యం కల్పించిన రాబర్ట్ ఛాంబర్స్ 1989-91 మధ్య హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీలో పనిచేశారు. ఈ పద్ధతిలో గ్రామస్థులే ముగ్గుపిండి, గింజలు, గులకరాళ్ళతో నేలపై తమ ఊరి పటాన్ని గీసి బావులను, పొలాలను, పేదల ఇళ్ళను చూపుతారు. చదువు రాని వారు సైతం ఇందులో పాల్గొనగలుగుతారు. పటం గీసే కర్ర అధికారి చేతిలో గాక ప్రజల చేతిలో వుండటమే ఈ పద్ధతికి ప్రాణం.

పరిమితులు

ముందే నిర్ణయం తీసుకొని, ఆమోదం కోసం ఆట ఆడించినట్లయితే సిబ్బందిలో అపనమ్మకం పెరుగుతుంది. సిబ్బంది కొరత, పనిభారం వంటి సమస్యలకు ఆట పరిష్కారం కాజాలదు. అధికారి తానూ అందరితో సమానంగా కూర్చొని నిర్మించాలి. చర్చలో తేలిన అంశాలపై ఎవరు, ఎప్పటిలోగా చర్య తీసుకోవాలో అక్కడే నిర్ణయించాలి. ఈ రెండు నియమాలను పాటించినప్పుడే ఆట కాలక్షేపం గాక, మౌనంగా వుండిపోయే ఉద్యోగికి మాట్లాడే అవకాశం కల్పించే సాధనం కాగలదు.