‘ఆర్థో’ ముద్ర కాదు.. పొరలు చూడండి!

పండగ ఆఫర్లలో ఏ పరుపు ప్రకటన చూసినా ‘ఆర్థోపెడిక్’ అనే మాటే. ఆ ముద్ర ఉన్నంత మాత్రాన నడుము నొప్పి తగ్గుతుందని కాదు. పరుపు ఎంత గట్టిగా ఉంటే నడుముకు అంత మంచిదనుకోవడమూ పొరపాటే.

దీర్ఘకాలంగా నడుము నొప్పి ఉన్న 313 మందిపై స్పెయిన్‌లో చేసిన అధ్యయనం 2003లో లాన్సెట్‌లో వచ్చింది. 90 రోజుల తర్వాత చూస్తే, బాగా గట్టి పరుపు వాడినవారి కన్నా మధ్యస్థంగా ఉన్నది వాడినవారికే ఎక్కువ ఉపశమనం కలిగింది.

ఈ మధ్యస్థం ఇంట్లోనే కుదుర్చుకోవచ్చు. ఫోమ్ షీట్లు కొని పొరలుగా వేసుకునేవారు అడుగున 4 అంగుళాల గట్టి ఫోమ్, పైన ఒకటి రెండు అంగుళాల మెత్తని ఫోమ్ లేదా లేటెక్స్‌తో మొదలుపెట్టండి. దుకాణంలో చెప్పే డెన్సిటీ గట్టిదనం కాదు. ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలో చెప్పే అంకె. అది ఎక్కువైతే సాధారణంగా మన్నిక ఎక్కువ. గట్టిదనం మాత్రం పడుకునే చూడాలి. పక్కకు తిరిగి పడుకుంటే భుజం, తుంటి కొద్దిగా దిగి, వెన్ను వంగకుండా ఉండాలి. పొరలను అంటించకుండా జిప్పు కవరులో పెడితే, నచ్చనప్పుడు పై పొర ఒక్కటే మార్చుకోవచ్చు.

ఏడాదిలోపు పిల్లలను మాత్రం మెత్తని పొరపై పడుకోబెట్టొద్దు. ముఖం కూరుకుని ఊపిరాడకపోవచ్చు.

నడుము నొప్పితో పాటు జ్వరం, కాళ్లలో బలహీనత, మూత్రంపై పట్టు తప్పడం వంటివి ఉంటే పరుపు మారుస్తూ కూర్చోకండి. వెంటనే ఆస్పత్రికి రండి.