పాత పంపు పారేయకండి

కొత్త సామాను ఇంట్లోకి రాగానే పాతది చెత్తలో వేసేయడం మనందరికీ అలవాటు. కొత్తది సరిగ్గా కూర్చునేదాకా పాతదాన్ని గడప దాటనీయకూడదన్నది నా గట్టి అభిప్రాయం. పోయిన నెల మోర్తాడ్‌లో మా ఇంటి ముందు జరిగిన సంగతి చెప్తాను, మీరే చూడండి.

మా మామయ్య పసుపు అమ్మిన డబ్బుతో కొన్న 1984 అంబాసిడర్ ఒకటుంది. పెట్రోల్ బండి. దాని వాటర్ పంపు కారడం మొదలైంది. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది కదా, పార్టు దొరకడమే గొప్ప అనుకుని మా ఆయన ఫోన్లో "అంబాసిడర్ వాటర్ పంపు" అని చెప్పి తెప్పించారు. తీరా బిగించబోతే రెండు బోల్టులు పట్టాయి, మిగతావి పట్టలేదు.

"ఏం గాదక్కా, బొక్కలు జరంత పెద్దగ జేస్తే కూసుంటది" అని మెకానిక్ పిల్లగాడు డ్రిల్లు తీశాడు. "ఇగ ఈ బండిని పాత ఇనుప సామానోళ్లకు ఇచ్చుడే" అన్నారు మా ఆయన. మామయ్య ఏమీ అనలేదు. లేచి లోపలికి వెళ్లిపోయారు.

ఐదు లీటర్ల కుక్కర్‌కు మూడు లీటర్ల రబ్బరు లాగి పెడతామా? "ముందు పాతదేది?" అన్నాను. అది అప్పటికే చెత్తకుప్ప పక్కన పడి ఉంది. కడిగి తెచ్చి రెండింటినీ అరుగు మీద పక్కపక్కన పెట్టాం. తేడా బొక్కల్లోనే కాదు, కొత్తదాని ఇరుసు కూడా పొడుగు. బలవంతంగా బిగించి ఉంటే ఫ్యాను ముందుకు జరిగి రేడియేటర్‌కు తగిలేది, బెల్టు వంకరగా తిరిగేది. ఇంజిన్ వేడెక్కితే ఆ ఖర్చు వేరే.

అంబాసిడర్ అన్న పేరు ఒకటే గానీ లోపలి ఇంజిన్లు ఎన్నో. 1489 సీసీ పెట్రోల్, అంతే సైజు డీజిల్, 1990ల్లో వచ్చిన 1800 ఇసుజు. బండి పేరు చెప్పి పార్టు అడగడమంటే కొలతల జాకెట్టు ఇవ్వకుండా టైలర్‌కు గుడ్డ ఇచ్చి రావడమే. ఇంజిన్ నంబరు ఆర్‌సీలో ఉంటుంది, ఆర్‌సీ మన బీరువాలోనే ఉంటుంది. అయితే అప్పట్లో చాలామంది ఇంజిన్లే మార్పించేశారు కాబట్టి, ఇంజిన్ మీద ఉన్న నంబరుతో కూడా ఒకసారి సరిచూడాలి.

"నీకు ఇంజిన్ గురించి ఏం తెలుసు?" అన్నారు మా ఆయన. తెలియదు, నిజమే. కొలత తెలుసు.

పాత పంపును చీర ముక్కలో చుట్టి ఆయనే నిజామాబాద్ తీసుకెళ్లారు. రెండోది ఒక్క దెబ్బ కొట్టకుండానే కూర్చుంది. మొన్న మామయ్య ఆర్మూర్ దాకా నడుపుకుంటూ వెళ్లొచ్చారు. పాత పంపు మాత్రం మా బియ్యం డ్రమ్ము వెనకే ఉంది. బేరింగు, సీలు మార్పిస్తే మళ్లీ పనికొస్తుందట.